పాత పడవకి కొత్త రంగు

వంటల పేజీ తిప్పగానే పడవ గోల ఏమిటా అనుకుంటున్నారా? మాది కోనసీమలో గౌతమి పాయ మధ్యన ఉన్న లంక ఊరండీ. మీకు గుమ్మం ముందు స్కూటరు ఎలాగో, మాకు రేవులో పడవ అలాగ. అరటి గెలలు, పాల క్యాన్లు, బడిపిల్లలు, పెళ్ళి సామాను, ఆఖరికి నొప్పులొచ్చిన మనిషైనా సరే, అవతలి గట్టుకి వెళ్ళాలంటే పడవ ఎక్కాల్సిందే. అందుకని మా ఇళ్ళల్లో దానికి రంగు వేసుకోవడం కూడా ఇల్లు సున్నం వేసుకున్నట్లే. అయితే ఒక తేడా ఉంది. గోడ రంగు బాగా రాకపోతే చుట్టాలు నవ్వుతారు, అంతే. పడవ విషయంలో పొరపాటు చేస్తే నవ్వడానికి మనిషి మిగలడు. ఆ పొరపాటు మేం చేశాం కాబట్టే మీకు ఇదంతా రాస్తున్నాను.

మా పడవ 20 అడుగుల పొడుగు, మధ్యన 4 అడుగుల వెడల్పు. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు మా అత్తయ్యగారు, మామయ్యగారు పిల్లల్ని చంకనేసుకుని పక్కవాళ్ళ డాబా మీద రెండు రోజులు కూర్చున్నారట. సొంత పడవ లేక పడిన ఆ పాట్లు చూసి, 1989లో మామయ్యగారు టేకు కొని దీన్ని చేయించారు. డబ్బు చాలక అత్తయ్యగారి గాజులు అమ్మారు. ఇప్పటికీ ఎవరైనా పడవ అమ్మేద్దామంటే చాలు, "అందులో నా గాజులున్నాయిరా" అంటారావిడ. మామయ్యగారు పోయాక ఆ మాట మరీ ఎక్కువైంది.

మేం చేసిన పొరపాటు

2021 సంక్రాంతికి మావారికి పడవని ముస్తాబు చెయ్యాలని బుద్ధి పుట్టింది. రేవులోంచి లాగి రెండు రోజులు ఎండబెట్టి, పగుళ్ళల్లో లప్పం పెట్టి, పాత రంగు మీదే నీలం ఎనామిల్ రెండు పూతలు వేసేశారు. పండక్కి చూస్తే నిజంగా పెళ్ళికూతురిలా ఉంది. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు!

రెండు నెలలు తిరక్కుండా ఆ రంగు అప్పడంలా పొంగింది. గోటితో గీరితే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. పోన్లే అనుకున్నాం. ఆ శ్రావణమాసంలో ఓ సాయంత్రం మా అమ్మాయితో సహా ఎనిమిది మందిమి అవతలి గట్టు నుంచి వస్తున్నాం. నడి గోదాట్లో నా పాదాలకి చల్లగా తగిలింది. చూద్దును కదా, లప్పం పెట్టిన చోట పెద్ద ముక్క ఊడిపోయి నీళ్ళు బుడబుడమని వస్తున్నాయి! మావారు గెడ వేస్తూనే ఉన్నారు. నేనూ మా అమ్మాయీ క్యారేజీ గిన్నెలతో నీళ్ళు తోడాం. చీర కొంగు చించి ఆ కన్నంలో కుక్కాను. ఎలాగో ఒడ్డు చేరాం. ఆ రాత్రి అన్నం వండి పెట్టాను గానీ ఎవ్వరం ముద్ద మింగలేదు.

మర్నాడు వడ్రంగి బాబాయిని పిలిస్తే, స్క్రూడ్రైవర్ తీసి ఆ చెక్కలో గుచ్చాడు. ముగ్గిన అరటిపండులోకి దిగినట్లు దిగిపోయింది. "అమ్మాయ్, రంగు కింద చెక్క చచ్చిపోయి ఏడాది దాటింది. మీరు పైన దుప్పటి కప్పారంతే" అన్నాడు.

అప్పటికి చెక్క ముక్క కొట్టించి ఎలాగో నెట్టుకొచ్చాం. 2022 వేసవిలో మాత్రం పడవని మొత్తం విప్పదీసి చూసుకుని, పద్ధతిగా రంగు వెయ్యాలని నేను పట్టుబట్టాను. "డబ్బేదే?" అన్నారు మావారు. రంగులవాళ్ళని అడిగితే 9 వేలన్నారు, అదీ చెక్క సంగతి మాకు తెలీదని ముందే చెప్పి. నా పాల డబ్బుల డబ్బాలో 7 వేలు ఉన్నాయి. అందులోనే చేద్దాం, పని మనమే చేసుకుందాం అన్నాను.

ముందు నీళ్ళల్లోనే గీత

పడవని గట్టెక్కించే ముందే ఒక పని ఉంది. మామూలుగా ఎంతమంది ఎక్కుతారో అంతమందిని ఎక్కించి, నిలకడ నీళ్ళల్లో నిలబెట్టి, నీరు ఎంతవరకు వస్తుందో నాలుగైదు చోట్ల మేకుతో గుర్తు గియ్యాలి. ఆ గీతకి కింద వేసే పూత వేరు, పైన వేసేది వేరు. ఒడ్డు మీదకి తెచ్చాక ఆ గీత ఎక్కడో ఎవరికీ తెలీదు. మాకు ఎనిమిది మందితో చూస్తే పడవ అంచుకీ నీటికీ మధ్య అడుగు ఎడం ఉంది.

తర్వాత కొబ్బరి మొద్దులు కింద వేసి, పదిమంది మగవాళ్ళ సాయంతో దొర్లించి పైకి లాగాం. కూలీ ఇవ్వలేదు. పులిహోర, ఆవడలు, కుండెడు మజ్జిగ, అంతే.

లాగిన వెంటనే మంచినీళ్ళతో, కొబ్బరి పీచుతో బాగా తోమాలి. మా దగ్గర సముద్రం పోటు వల్ల వేసవిలో నీళ్ళు ఉప్పెక్కుతాయి. ఉప్పు చెక్కలో ఉండిపోతే చెమ్మని లాగుతూనే ఉంటుంది, మీద రంగు నిలవదు. వానాకాలంలో తడి ఉప్పు డబ్బా మనకి తెలీదూ?

ఎంత ఆరాలి?

ఇక్కడే అందరం తప్పు చేస్తాం. తడి చెక్క మీద రంగు వేస్తే లోపలి చెమ్మ బయటికి రావాలని తోస్తుంది, రంగు పొంగిపోతుంది. మాకు సంక్రాంతికి జరిగింది అదే. అలాగని వైశాఖం ఎండలో నెలరోజులు పడేస్తే చెక్కలు ముడుచుకుపోయి, సందులు నోళ్ళు తెరిచి, చెక్కే చీలిపోవచ్చు. మధ్యే మార్గం నీడలో ఆరబెట్టడం. మామిడి చెట్టు కింద కొబ్బరాకుల పందిరేసి, పడవని బోర్లించి పది రోజులు ఉంచాం.

ఆరిందో లేదో చూడ్డానికి చిట్కా: ప్లాస్టిక్ కవరు ముక్క చెక్క మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో అంటించి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్న కవరు లోపలివైపు చెమటలు పడితే ఇంకా ఆరలేదన్నమాట. మాకు ఏడో రోజున చెమట కనబడింది, పదో రోజున లేదు.

ఆరేలోగా ఖాళీగా కూర్చోకండి. చిన్న సుత్తితో ప్రతి చెక్కా జానెడుకో చోట తట్టి చూడండి. కొబ్బరికాయ కొనేటప్పుడు తట్టి చూడమూ, అలాగే. గట్టి చెక్క "టక్" మంటుంది. పుచ్చిన చెక్క "డబ్" మని మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చాలి. సుద్దముక్కతో గుండ్రంగా గుర్తు పెట్టాలి. మేం ఆరు గుర్తులు పెట్టాం. అందులో నాలుగు పైపై మెత్తదనమే. రెండు చెక్కలు మాత్రం మార్చక తప్పలేదు. కొత్త టేకు కొనే స్తోమత లేక, పాత ఇల్లు విప్పినచోట టేకు చెక్క బేరమాడి తెచ్చాం. మేకులు మాత్రం జింకు పూత ఉన్నవే కొనండి. మామూలు ఇనుప మేకులు తుప్పుపట్టి చుట్టూ ఉన్న చెక్కని కూడా తినేస్తాయి.

పాత రంగుతో జాగ్రత్త

మావారు పాత రంగుని మంటతో కాల్చి గీకేస్తానన్నారు. నేను వద్దన్నాను. వెనకటి రోజుల ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువ ఉండేది. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు దాటకూడదని మన దేశంలో రూలు పెట్టింది 2016లో. అది అమల్లోకి వచ్చింది 2017 నవంబరు నుంచి. మా పడవ మీద 1989 నాటి పొరలు కూడా ఉన్నాయి. వాటిని కాలిస్తే ఆ పొగ, పొడిగా రుద్దితే ఆ దుమ్ము మన లోపలికి పోతాయి. సీసం చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకి చాలా చెరుపు. కడుపుతో ఉన్నవాళ్ళకీ మంచిది కాదు.

అందుకని మేం చేసింది ఇది. కింద పాత టార్పాలిన్ పరిచాం. ఊడిన రంగుని బద్దతో గీకాం. మిగిలినదాన్ని నీళ్ళు తడుపుతూ వాటర్ పేపరుతో రుద్దాం. ముక్కుకి మాస్కు కట్టుకున్నాం. పిల్లల్నీ, కోళ్ళనీ, దూడనీ ఆ చాయలకి రానివ్వలేదు. పెచ్చులన్నీ మూటగట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టాం గానీ గోదాట్లో పారెయ్యలేదు, పెంటపోగులోనూ వెయ్యలేదు. ఆ చీరలూ చొక్కాలూ మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉతికాం. తడిపిన చెక్క మళ్ళీ రెండు రోజులు ఆరాల్సి వచ్చింది. అయినా ఆ ఆలస్యం నయమే కదా!

సందుల్లో ఏం పెట్టాలి?

చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లో గట్టి లప్పం పెట్టకూడదు. ఈ సంగతి నాకు బాబాయి చెప్పేదాకా తెలీదు. పడవ నీళ్ళల్లోకి దిగాక చెక్క నీరు తాగి ఉబ్బుతుంది. అప్పుడు గట్టిపడిన లప్పం నలిగి బయటికి తోసుకొచ్చేస్తుంది. మా కన్నం కథ అదే. సందులో మెత్తగా ఉండేది పెట్టాలి. బాబాయి నూలు దారం పేని, ఉలితో సుతారంగా లోపలికి కొట్టి, గుగ్గిలం నూనెలో కరిగించి మీద రాశాడు. మరీ బిగించి కొట్టలేదు. "చెక్క ఉబ్బడానికి చోటు వదలాలమ్మాయ్, జాకెట్టు కుట్టేటప్పుడు మీరు వదలరూ?" అన్నాడు. కుట్టుపని తెలిసినవాళ్ళకి ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

పూతల వరస

గీతకి కింద, బయటవైపు: నీళ్ళల్లో నానుతూ ఉండే అడుగుభాగానికి ఇంటి తలుపులకి వేసే ఎనామిల్ పనికిరాదు, పొక్కులొస్తాయి. అక్కడ నల్ల తారు రంగు రెండు పూతలు వేశాం.

గీతకి పైన, బయటవైపు, లోపల పైభాగం: ఒక పూత ఉడ్ ప్రైమరు, అది ఆరాక వాటర్ పేపరుతో తేలిగ్గా ఒక రుద్దు, ఆపైన ఎనామిల్ రెండు పూతలు. కొట్టువాడు ఎర్ర ప్రైమరు అంటగట్టబోయాడు. ఆ రెడ్ ఆక్సైడు ఇనుముకి. చెక్కకి ఉడ్ ప్రైమరే అడిగి తీసుకోండి.

లోపల అడుగున: రంగు అసలు వెయ్యలేదు. లిన్సీడ్ ఆయిలు, టర్పెంటైనూ సమంగా కలిపి గుడ్డతో పట్టించాం, చెక్క పీల్చుకున్నంతా. లోపలా బయటా రెండువైపులా దట్టంగా రంగు మూసేస్తే మధ్యన చిక్కిన చెమ్మకి దారి ఉండదు, చెక్క పుచ్చుతుంది. ఇందువల్ల డబ్బూ మిగిలింది.

ఒక హెచ్చరిక. లిన్సీడ్ ఆయిలు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి బయట విడివిడిగా ఆరేసి, ఆరాక పారెయ్యండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచి ఉంచండి.

తారు మీద ఎనామిల్ పడితే గోధుమరంగు మరకలు పైకి ఊరతాయి. అందుకే ముందు పైభాగం ఎనామిల్ పూర్తి చేసి, గీత వెంట టేపు అంటించి, తర్వాత తారు వేశాం. తిన్నటి గీతకి దారాన్ని నీలిమందులో ముంచి, అటొకరు ఇటొకరు పట్టుకుని చిటికేశాం.

రంగు వేసే వేళ కూడా చూసుకోవాలి. పొద్దున్న మంచు ఆరాక, ఎనిమిది నుంచి పదకొండులోపు మంచిది. మిట్టమధ్యాహ్నం ఎండలో వేస్తే పైపొర ఆరిపోయి లోపల పచ్చిగా ఉండిపోతుంది. సాయంత్రం వేస్తే రాత్రి చెమ్మ పట్టి మెరుపు పోతుంది. పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఆగండి. దోసెలాగే, ఒక్కసారిగా మందంగా పోస్తే ఉడకదు, పలచగా రెండుసార్లు వెయ్యాలి. రంగు చిక్కబడితే టర్పెంటైనే కలపాలి, కిరసనాయిలు కాదు.

మాకైన ఖర్చు (2022 మే నెలలో)

వడ్రంగి కూలి, 2 రోజులు – రూ. 2,000
పాత టేకు చెక్క, మేకులు – రూ. 1,900
నూలు, గుగ్గిలం – రూ. 450
నల్ల తారు రంగు, 2 లీటర్లు – రూ. 400
ఎనామిల్, 2 లీటర్లు – రూ. 600
ఉడ్ ప్రైమరు, 1 లీటరు – రూ. 240
లిన్సీడ్ ఆయిలు, 1 లీటరు – రూ. 260
టర్పెంటైను, 1 లీటరు – రూ. 140
వాటర్ పేపర్లు, 12 – రూ. 180
బ్రష్షులు, 2 – రూ. 150
గీకుడు బద్ద – రూ. 60
మాస్కులు, చేతి తొడుగులు – రూ. 80
మొత్తం – రూ. 6,460

చూశారా? ఇంతలో కంటికి కనబడే రంగు ఖరీదు 600 రూపాయలే. మిగిలినదంతా ఆ రంగు కింద కనబడకుండా పోయేదే. ముందటేడు మేం సరిగ్గా తలకిందులుగా చేశాం, కనబడేదానికే మొత్తం తగలేశాం. ఇప్పుడు ధరలు మారి ఉండొచ్చు గానీ ఈ లెక్క మారదు. చేతిలో డబ్బు తక్కువైతే రంగు ఒక పూత తగ్గించుకోండి. చెక్క దగ్గరా, సందుల దగ్గరా మాత్రం తగ్గించకండి.

పసుపు గీత

ఇంటి తలుపులకి వేయగా మిగిలిన పసుపు ఎనామిల్ అర లీటరు అటక మీద ఉంది. మీద మీగడ కట్టింది. దాన్ని తీసేసి, పాత వాయిలు గుడ్డలో వడగడితే శుభ్రమైన రంగు వచ్చింది. దాంతో పడవ అంచుకి పట్టీ వేద్దాం, మబ్బులోనూ మంచులోనూ దూరం నుంచి కనబడుతుంది అనుకున్నాం. అంచుకి వేశాక ఇంకా మిగిలింది.

అప్పుడు అత్తయ్యగారు వచ్చి, "ఆ మేకుతో గీసిన గుర్తు మీద కూడా ఓ గీత లాగవే" అన్నారు. "ఎందుకత్తయ్యా?" అన్నాను. "మునిగేదాకా ఎవరూ దిగరు, ఎక్కినవాళ్ళకి మొహమాటం ఉండదు. గీత ఉంటే అది చెబుతుంది" అన్నారు. నల్లరంగుకి పైన, నీలానికి అడుగున రెండు వేళ్ళ మందాన చుట్టూతా పసుపు గీత వేశాను. తారు మీద పడకుండా ఎనామిల్ వైపే వేశాను.

వారం ఆరాక పడవ ముక్కుకి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి దింపాం. దింపగానే సందుల్లోంచి కాస్త నీరొచ్చింది. కంగారు పడకండి, ఆరిన పడవ అలాగే చేస్తుంది. లోతు లేని చోట కట్టేసి, లోపల సగానికి నీళ్ళు పోసి రెండు రోజులు వదిలేశాం. చెక్కలు ఉబ్బి సందులు బిగిసిపోయాయి. మూడో రోజు తోడేసి గుడ్డతో తుడిస్తే, గుడ్డ పొడిగానే ఉంది.

ఆ తర్వాత రెండు నెలలకే, 2022 జూలైలో, వరదొచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకి చేరింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. మా వీధిలోకి నడుములోతు నీళ్ళొచ్చాయి. పెద్ద పడవలు వచ్చేదాకా మా వీధివాళ్ళని మావారు మెరక మీదున్న బడి దగ్గరికి మా పడవలోనే చేరవేశారు. ఒక ట్రిప్పులో, వీధి చివర ఇంటివాళ్ళు అందరం ఒక్కసారే వస్తాం అని పట్టుబట్టారు. చీకటి పడుతోంది, పసివాడు ఏడుస్తున్నాడు, వద్దని ఎలా అంటాం? మావారు నా వైపు చూశారు. నేను పడవ పక్కకి చూశాను. పసుపు గీత నీళ్ళకి తగులుతోంది. "వదినా, గీత మునుగుతోంది. పిల్లల్నీ మిమ్మల్నీ ముందు దింపి వస్తాం, అన్నయ్యగారు మళ్ళీ ట్రిప్పుకి వస్తారు" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. అన్నయ్యగారు మాత్రం గీత చూసి, మాట్లాడకుండా వెనక్కి తగ్గారు. అరగంటలో వెళ్ళి ఆయన్నీ తీసుకొచ్చాం.

రంగు వేసినంత మాత్రాన పడవ మునగదని నేను చెప్పడం లేదు. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర నాటు పడవ కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడితే, బడి నుంచి ఇంటికొస్తున్న పిల్లలు గోదారి పాలయ్యారు. దానికి రంగుతో పని లేదు. అందుకే ఆ ఏడాది కొబ్బరికాయల డబ్బుతో లైఫ్ జాకెట్లు కూడా కొన్నాం. పడవలో ఎక్కేవాళ్ళందరికీ సరిపడా ఉండాలి సుమండీ.

2024 వేసవిలో మళ్ళీ గట్టెక్కించి తట్టి చూసుకున్నాం. ఒక్క చెక్క కూడా "డబ్" మనలేదు. అడుగున తారు ఒక పూత, పైన ఎనామిల్ ఒక పూత సరిపోయింది. పసుపు గీత మాత్రం అత్తయ్యగారు తనే వేస్తానని కూర్చున్నారు. చెయ్యి వణికి అక్కడక్కడా వంకర పోయింది. దాన్ని అలాగే ఉంచేశాం.

చివరగా ఓ చిన్న చిట్కా. చేతులకి అంటిన ఎనామిల్‌ని కిరసనాయిలుతో రుద్దుకోకండి, చర్మం పగులుతుంది. కొబ్బరినూనె రాసి బాగా నలిచి, సున్నిపిండితో కడుక్కోండి. రంగూ పోతుంది, చేతులూ మెత్తగా ఉంటాయి. మీ ఇంట్లో పడవ లేకపోవచ్చు. పాత గుమ్మాలో, కిటికీలో, చెక్క బీరువానో ఉండే ఉంటాయి కదా! రంగు డబ్బా మూత తీసేముందు ఓసారి సుత్తితో తట్టి చూడండి.